నలుగురు బుద్ధిమంతులను అనుమానించిన మా మేడమ్‌గారు

1991 జూలై ఎనిమిదో తేదీ సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు, మా విత్తన దుంపల సంస్థ వెనక వరసలో, కిటికీ అద్దాల మీద సున్నం చుక్కలు ఇంకా తుడవని ఒక గదిలో, వైరస్ పరీక్షా విభాగం తొలి ఉద్యోగినిగా మేడమ్‌గారు హాజరు పట్టీలో సంతకం పెట్టారు. ఆనాటికి ఆ విభాగానికున్న ఆస్తి ఒక బల్ల, రెండు స్టూళ్ళు, తలుపు సరిగా పడని ఒక ఫ్రిజ్. ఈ 2025 జూన్ ముప్పైన, అదే వరసలో ఇప్పుడు ఆరు గదులుగా పెరిగిన ఆ విభాగానికి అధిపతిగా, అదే పట్టీలో ఆఖరి సంతకం పెట్టబోతున్నారు. ఈ రెండు సంతకాలకు మధ్య ముప్పై నాలుగేళ్ళకు ఎనిమిది రోజులు తక్కువ.

ఈ అభినందన వ్యాసం నన్ను రాయమన్నప్పుడు, నేను చదువుకున్నవాణ్ణి కాదు, సరుకు అమ్మేవాణ్ణి అని చెప్పి చూశాను. "ఈ ఆఫీసులో మేడమ్‌గారితో అందరికన్నా ఎక్కువ కాలం పోట్లాడింది మీరే కదండీ, మీరు కాక ఇంకెవరు రాస్తారు?" అన్నారు ఈ వీడ్కోలు సంచిక సంపాదకులు. అది కాదనలేని మాట. ఏడేళ్ళు సొంతంగా విత్తనాల దుకాణం నడిపి, 1993లో అమ్మకాల విభాగంలో చేరిన నాకు, సరుకు ఎంత తొందరగా గోడౌను దాటితే అంత మేలు. నిజం తేలేదాకా సరుకు గోడౌను దాటకూడదనేది ఆవిడ పట్టుదల. నా గదికీ ఆవిడ గదికీ మధ్య నలభై రెండు అడుగుల వరండా ఉంది. ముప్పై రెండేళ్ళలో ఆ వరండాలో నేను గెలిచిన వాదాలు లెక్కపెడితే నాలుగు. వాటిలో రెండు కుర్చీల గురించి.

మా సంస్థ పని తెలియని కుటుంబ సభ్యుల కోసం నాలుగు మాటలు. బంగాళాదుంప పంటకు దుంపే విత్తనం. తల్లి మొక్కలో వైరస్ ఉంటే దుంపలోకి వస్తుంది, దుంపలోంచి రైతు పొలానికి వెళుతుంది, ఇక దానికి మందు లేదు. అందుకని విత్తనపు పొలంలోనే ఆకులు కోసి, నూరి, ఆ పసరును చిన్న చిన్న గుంటలున్న ప్లేటులో పోస్తారు. వైరస్‌ను గుర్తుపట్టి పట్టుకునే యాంటీబాడీలను ఆ గుంటల అడుగున ముందే పూసి ఉంచుతారు. పసరులో వైరస్ ఉంటే చివరికి గుంట పసుపు రంగు తిరుగుతుంది. ఎంత పసుపో యంత్రం అంకెల్లో చెబుతుంది. చెప్పడానికి ఇంతే. కానీ ఆరోగ్యంగా ఉన్న ఆకు పసరు కూడా కొద్దిగా పసుపు చూపిస్తుంది. కాబట్టి ఏ పసుపు రోగానిదో, ఏ పసుపు ఊరికే వచ్చిందో తేల్చడంలోనే ఆ ఉద్యోగమంతా ఉంది. మేడమ్‌గారు ముప్పై నాలుగేళ్ళు చేసింది ఆ తేల్చే పని.

నేను చేరిన మొదటి నెలలోనే మాకు తగాదా వచ్చింది. ప్లేటుకు తొంభై ఆరు గుంటలుంటే ఆవిడ చుట్టూ అంచు వరస వదిలేసి లోపలి అరవై గుంటల్లోనే రైతుల నమూనాలు పోసేవారు.

"తొంభై ఆరు తెప్పించి అరవై వాడడమేంటండీ? నేనైతే షాపు మూసుకోవాలి" అన్నాను.

"అంచు గుంటలు ముందు వేడెక్కుతాయి బేరంగారూ, రంగు ముదురుతుంది. మీ దుకాణంలో గుమ్మం ముందు ఎండకి మాడిన బస్తా చూపించి, లోపలి సరుకంతా ఇలాగే ఉందంటే ఒప్పుకునేవారా?"

ఆ రోజు నుంచి ఈ సంస్థలో నా పేరు బేరంగారు. డైరెక్టర్లు మారారు, నా హోదా మారింది, ఆ పేరు మాత్రం మారలేదు.

రెండో తగాదా బస్తా మీద అచ్చు వేసే మాట గురించి. నేను 'వైరస్ లేని విత్తనం' అని పెద్ద అక్షరాలతో రాయించి నమూనా తెచ్చాను. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. "పరీక్షించిన ఆకుల్లో వైరస్ కనపడలేదు అని రాయండి" అన్నారు. అలా రాస్తే ఎవరు కొంటారండీ అన్నాను. "మనం వెతికింది మూడు వైరస్‌ల కోసం, చూసింది ఎకరానికి రెండు వందల ఆకులు. చూడని ఆకు గురించి నేనెలా సంతకం పెట్టను?" అన్నారు. అదే మాట అచ్చయింది. మూడు బస్తాలు చదివి ఒక రైతు "ఇదేంటి, పెళ్ళిచూపుల్లో అబ్బాయికి చెడలవాట్లు మాకు కనపడలేదన్నట్టుంది" అని నవ్వాడు. నవ్వుతూనే మూడు బస్తాలూ ఎత్తించుకుపోయాడు.

ఆ రోజుల్లో ఆ గదికి వెళ్ళడమంటే నాకు, పైకి చెప్పకపోయినా, ఇష్టంగా ఉండేది. నూరిన ఆకు పచ్చివాసన, కిటికీలో ఆరబెట్టిన గాజుగొట్టాలు, గోడకు పెన్సిలుతో రాసిన ఉష్ణోగ్రతలు. నమూనాలు వెచ్చగా ఉంచే పెట్టె గడియారం ఒకసారి మొరాయించింది. తయారీదారు మనిషి రావడానికి పది రోజులు పడుతుందన్నాడు. మేడమ్‌గారి భర్త గడియారాలు బాగుచేస్తారు. ఆయన కంటికి అద్దం పెట్టుకుని వచ్చి, ముప్పావు గంటలో దాన్ని నడిపించి, మా అటెండరు చేతికి పనిముట్ల సంచీ ఇస్తూ అన్నారు: "ఇది చెప్పిన టైముకి ఆగుతుంది. మా ఆవిణ్ణి చెప్పిన టైముకి ఇంటికి పంపే గడియారమే ఇంకా దొరకలేదు." గదంతా నవ్వింది. మేడమ్‌గారు మాత్రం, "పని అయిపోయాక వెళ్ళక ఇక్కడే కాపురముంటానా" అని గొణిగి, పెట్టెలో నిజంగా ముప్పై ఏడు డిగ్రీలే ఉందా అని వేరే థర్మామీటరు పెట్టి చూశారు. కట్టుకున్నవాడి పనినైనా ఒకసారి సరిచూడందే వదిలే మనిషి కాదు.

ఇక 1998 అక్టోబరు. ఈ వ్యాసానికి నేను ఒప్పుకోవడానికి అసలు కారణం ఆ నెలే కాబట్టి, దాన్ని కొంచెం వివరంగా రాస్తాను.

ప్రతి ప్లేటులోనూ, పోల్చి చూడడానికి, రోగం లేదని తెలిసిన మొక్క పసరు కూడా పోయాలి. దాని కోసం అద్దాల గదిలో నాలుగు కుండీల మొక్కలు పెంచేవాళ్ళు. వాటి దుంపలనే మళ్ళీ నాటి, ఏళ్ళ తరబడి అదే వంశాన్ని కాపాడుకొచ్చారు. ఎండ ఎక్కువైతే తెర, చలి ఎక్కువైతే బల్బు. వాటికి జరిగిన సేవ చూసి అటెండరు 'నలుగురు బుద్ధిమంతులు' అని పేరు పెట్టాడు. నాలుగు కుండీల ఆకులూ కలిపి నూరి, ఆ పసరుకు యంత్రం ఎంత చెబితే దానికి రెట్టింపు మా హద్దు. హద్దు దాటిన నమూనాకు రోగం ఉన్నట్టు, దాటనిదానికి కనపడనట్టు.

మొదట్లో బుద్ధిమంతుల ఆకును పొద్దున్నే, మరే నమూనా ముట్టుకోకముందు కోసేవారు. మధ్యాహ్నం నూరేసరికి అది వాడిపోయి అంకె అటూ ఇటూ ఊగుతోందని, 1994లో మేడమ్‌గారే పద్ధతి మార్చారు. రైతుల నమూనాలన్నీ నూరడం అయ్యాక, అప్పటికప్పుడు వెళ్ళి తాజాగా కోయాలి. ఆ ఆదేశం ఆవిడ చేతిరాతతోనే గోడకు అంటించి ఉండేది. మంచి ఆలోచనే. కానీ రైతుల ఆకులు కత్తిరించిన కత్తెరే బుద్ధిమంతుల దగ్గరకూ వెళ్ళేది. చేతులు సబ్బుతో కడిగేవారు, కత్తెర నీళ్ళలో ముంచి తుడిచేవారు. ఆ మూడు వైరస్‌లలో ఒకటి కత్తెర అంచును పట్టుకుని మొక్క నుంచి మొక్కకు పోయే రకం. ఇన్ని జాగ్రత్తలు తీసుకునే చోట తప్ప ఈ తప్పు జరగదు. మొక్కను గొప్పగా చూసుకుంటున్నామన్న ధీమాలో కత్తెర ఎవరికీ గుర్తు రాలేదు.

అక్టోబరు ఐదో తేదీ సోమవారం గొడుగు పెద్దాయన వచ్చారు. వాన ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు ఉండే ఆ రైతు మా దగ్గర విత్తనం తీసుకుని, అందరికన్నా నెల ముందు పంట వేశారు. ఆకుల మీద లేత మచ్చలు కనపడుతున్నాయని ఓ కట్ట కోసుకొచ్చారు. రెండు రోజుల పరీక్ష తర్వాత అంకె 0.31 వచ్చింది. ఆ రోజు హద్దు 0.38. రోగం కనపడలేదని మేడమ్‌గారు కాగితం రాసిచ్చారు. గురువారం ఆయన ఆ కాగితంతోనే తిరిగొచ్చారు.

"ఏమ్మా, డెబ్భై ఏళ్ళుగా ఆకు చూస్తున్న నా కళ్ళు అబద్ధం, మీ గుంటల్లో పసుపు నిజమా?"

"పరీక్ష అలా చెప్పిందండీ."

"పరీక్ష చెప్పింది సరే. పరీక్షకి ఎవరు పరీక్ష పెట్టారు?"

నేను పక్కనే ఉండి, పెద్దాయనా, పోషకం తక్కువైనా ఆకు అలాగే అవుతుందని సర్దిచెప్పబోయాను. "నువ్వుండవయ్యా, నువ్వు అమ్మేవాడివి" అని నా నోరు మూయించారు. ఆయన వెళ్ళిపోయాక మేడమ్‌గారు బీరువా తెరిచి, నాలుగేళ్ళ నోటుపుస్తకాలు బల్ల మీద పరిచి, ప్రతి ప్లేటులో బుద్ధిమంతులకు వచ్చిన అంకెను మాత్రం ఒక కాగితం మీదికి ఎక్కించారు. 1994లో 0.06. మరుసటి ఏడు 0.07. తర్వాత 0.10. తర్వాత 0.14. ఆ వారం 0.19. యాంటీబాడీ సీసా మారినప్పుడల్లా అంకె కొద్దిగా మారడం మామూలే కాబట్టి, పెరిగిన ప్రతిసారీ కొత్త సీసా వల్ల అనుకుని సరిపెట్టుకున్నారు. నాలుగు కుండీల్లో ముందు ఒకటి, తర్వాత రెండోది, అలా జబ్బు పడుతుంటే, వాటి రెట్టింపును హద్దుగా పెట్టుకున్న పరీక్ష ఏడాదికేడాది చూపు తగ్గించుకుంటూ వచ్చింది.

శని, ఆది వారాల్లో, గాజుగొట్టాల్లో పెరిగిన, కత్తెర ఎరగని కొత్త మొక్కలు తెప్పించి వాటి పక్కన బుద్ధిమంతుల పసరు పోశారు. సోమవారం పొద్దున నలుగురిలో ముగ్గురి గుంటలు పసుపు తిరిగాయి. అటెండరు తల పట్టుకుని, "ఎంత పని చేశార్రా, మీరేనట్రా బుద్ధిమంతులు" అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

కొత్త హద్దు 0.12. మేడమ్‌గారు ప్రతి నమూనా అంకెనూ పుస్తకంలో రాసి ఉంచడం వల్ల, ఆ ఏడాది మంచివని పంపిన నలభై ఏడు లాట్లలో కొత్త హద్దుకూ పాత హద్దుకూ మధ్యన పడినవి ఏవో వెతకగలిగారు. మూడు లాట్లు. నాలుగు వందల పద్దెనిమిది బస్తాలు. గొడుగు పెద్దాయన కాక మరి పదకొండు మంది రైతుల ఇళ్ళలో మొలక కోసం పరిచి ఉన్నాయి. వారం పది రోజుల్లో నాటేస్తారు.

అక్టోబరు పన్నెండు, సోమవారం. పదకొండున్నరకు మేడమ్‌గారు పదకొండు కవర్లు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఆ ఊళ్ళల్లో అప్పటికి ఫోన్లు లేవు. రైతుల ఇళ్ళు నాకూ జీపు డ్రైవరుకే తెలుసు. గోడౌనులో మిగిలిన లాట్లన్నీ కొత్త మొక్కతో మళ్ళీ పరీక్షించాలి కాబట్టి ఆవిడ ఆ గది వదిలి రాలేరు. ఉత్తరం చిన్నదే: "నేను సంతకం చేసి పంపిన పరీక్షా ఫలితం నమ్మదగినది కాదని ఈ రోజు తెలిసింది. తప్పు మా పరీక్షలో ఉంది. దయచేసి ఈ దుంపలు నాటవద్దు. బదులు విత్తనం ఇస్తాము."

బుధవారం పదకొండు గంటలకు పదోన్నతుల సమావేశం ఉంది. విభాగాధిపతి పదవికి ఆవిడ పేరు ఒక్కటే ఉంది. డైరెక్టర్‌గారు ఊళ్ళో లేరు, నేరుగా ఆ సమావేశానికే వస్తారు.

"మేడమ్, గురువారం పంపుదాం. రెండే రోజులు. ఎవరూ రేపే నాటెయ్యరు."

"ఈ రోజు తెలిసింది. ఈ రోజు రాశాను."

"పదవి పోతుందండీ."

"పోతే పోతుంది. నాటాక చెబితే ఆ ఉత్తరం దేనికి, విస్తరాకు కుట్టుకోడానికా?"

అని వెళ్ళిపోయారు. నేను కవర్లు లెక్కపెట్టాను. పదకొండూ ఉన్నాయి. బల్ల కింది సొరుగులో పెట్టి తాళం వేశాను. సాయంత్రం ఆవిడ అడిగితే, జీపు రిపేర్లో ఉందని చెప్పాను. మంగళవారం అడిగితే మళ్ళీ అదే చెప్పాను. జీపు రెండు రోజులూ షెడ్డులో సుబ్బరంగా ఉంది.

బుధవారం సమావేశంలో, తన పేరు చదవగానే మేడమ్‌గారు లేచి, "దీనికి ముందు మీకు ఒక సంగతి తెలియాలి" అని అంకెలున్న ఆ కాగితాన్నే డైరెక్టర్‌గారి ముందు పెట్టారు. పావుగంటలో అంతా అయిపోయింది. పదవి ఇవ్వలేదు. నేను ఎవరి కోసమని ఉత్తరాలు ఆపానో, ఆవిడే ఆ అవసరం లేకుండా చేశారు. రెండు గంటలకు జీపు బయలుదేరింది.

తొమ్మిది మంది ఇంకా నాటలేదు. బదులు బస్తాలు తీసుకున్నారు. ఇద్దరు నాటేశారు, ఒకరు మంగళవారం, ఒకరు బుధవారం పొద్దున. గురువారం మేడమ్‌గారితో నేనూ వెళ్ళాను. ఒక పొలం ఒక బడిపంతులుగారిది. రెండోది ఇద్దరు అన్నదమ్ములది. గట్టు మీద నిలబడి పెద్దవాడు అన్నమాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"నిన్న పొద్దున్నే అయిందమ్మా. ఒక్కరోజు ముందు వచ్చుంటే చేతులు కట్టుకు కూర్చునేవాళ్ళం కదా."

"తప్పు నాదే నాయనా" అన్నారు మేడమ్‌గారు. నేను అక్కడే ఉన్నాను. చెప్పులకు అంటిన మట్టి దులుపుకుంటున్నాను.

ఆ పంటకాలమంతా వారానికోసారి బస్సులో ఆ రెండు పొలాలకూ వెళ్ళి, మచ్చ కనపడిన మొక్కనల్లా రైతులతో పీకించారు. పంతులుగారి పొలం నెగ్గుకొచ్చింది. అన్నదమ్ముల పొలంలోకి పేనుబంక మరో వైరస్‌ను మోసుకొచ్చింది. రెండూ కలిస్తే మొక్క ముడుచుకుపోతుంది. ఎకరానికి నూట అరవై బస్తాలు రావలసిన చోట తొంభై ఒకటి వచ్చాయి. మరుసటి ఏడు ఆ అన్నదమ్ములు మా గేటు తొక్కలేదు. ఆ తర్వాతా తొక్కలేదు.

ఆ తర్వాతి కథ మీలో చాలామందికి తెలుసు. రెండు పంటకాలాలు మా అమ్మకాలు బాగా దెబ్బతిన్నాయి, మూడోదానికి తేరుకున్నాయి. గొడుగు పెద్దాయన చనిపోయేదాకా మా విత్తనమే వేశారు. ఫలితం చదివే ముందు బుద్ధిమంతుల అంకె ఎంతో చెప్పమని పేచీ పెట్టేవారు. ఈనాటికీ మా పరీక్షా పత్రంలో ఆరోగ్యపు మొక్కకు వచ్చిన అంకె, హద్దు, వెతికిన వైరస్‌ల పేర్లు, చూసిన ఆకుల సంఖ్య అచ్చులో ఉంటాయి. ప్రతి కుండీకి విడి కత్తెర ఉంటుంది. విభాగాధిపతి పదవి ఏడేళ్ళు ఆలస్యంగా 2005లో వచ్చింది. నిద్రలో ఉన్న దుంపలో వైరస్ దాక్కుంటుందని, మొలక వచ్చాకే పరీక్షించాలని ఆవిడ నా గోడౌనును ప్రతి ఏడూ మూడు వారాలు స్తంభింపజేశారు. చుక్క పసరు వేస్తే పొలంలోనే గీత చూపించే పరీక్షా పట్టీలు వచ్చినప్పుడు, గీత రాలేదంటే వైరస్ లేదని అర్థం కాదని, ఈ చుక్క పసరులో పట్టీకి అందేంత లేదని మాత్రమే అర్థమని, చేతులు నొప్పి పుట్టేలా బోర్డు మీద గీసి రైతులకు చెప్పారు. జన్యుపదార్థాన్నే వెతికే కొత్త యంత్రం వచ్చాక కుర్రవాళ్ళు యాంటీబాడీ పరీక్ష పాతదైపోయిందన్నారు. "పాతదాని అబద్ధాలు నాకు పేరు పేరునా తెలుసు. కొత్తది ఎక్కడ అబద్ధమాడుతుందో మీరు కనుక్కుని నాకు చెప్పండి" అని రెండింటినీ పక్కపక్కన పదకొండు పంటకాలాలు నడిపించారు.

కొత్తగా చేరిన ప్రతి బృందానికీ మొదటి పాఠంగా ఆవిడ 1998 సంగతే చెప్పేవారు. చివర్లో ఒకే వాక్యం: "రెండు పొలాల్లోకి రోగం వెళ్ళింది. నేను రెండు రోజుల ముందు నోటుపుస్తకం తెరిచి ఉంటే వెళ్ళేది కాదు." ఇరవై ఆరేళ్ళు ఆ వాక్యం నేను వరండాలోంచి విన్నాను. లోపలికి వెళ్ళి, మేడమ్, ఆ రెండు రోజులు మీవి కావు, అని చెప్పలేదు.

పోయిన నెల ఒక ఆదివారం ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. భర్తగారు కిటికీ దగ్గర ఏదో గోడగడియారం విప్పుకుని కూర్చున్నారు. మేడమ్‌గారు ఆరిన బట్టలు మడత పెడుతున్నారు.

"మేడమ్, ఆ వేళ జీపు రిపేర్లో లేదండి" అన్నాను.

"ఏ వేళ?"

చెప్పాను. చేతిలో దుప్పటి మడత సగంలో ఆగింది.

"ఎక్కడ పెట్టారు?"

"నా బల్ల కింది సొరుగులో."

"ఎప్పటి నుంచి ఎప్పటిదాకా?"

"సోమవారం పదకొండున్నర నుంచి బుధవారం రెండింటి దాకా."

"యాభైన్నర గంటలు" అన్నారు. దుప్పటి మడత పూర్తిచేసి పక్కన పెట్టారు. "అన్నదమ్ములు బుధవారం పొద్దున నాటారు."

"అవునండి."

"పోనిద్దూ, ఎప్పటి మాటో" అని భర్తగారు అనబోయారు.

"మీరుండండి" అన్నారావిడ. తర్వాత నా వైపు చూసి, "ఇరవై ఆరేళ్ళు వచ్చినవాళ్ళందరికీ నా ఆలస్యమని చెప్పాను బేరంగారూ. వాళ్ళు పుస్తకాల్లో రాసుకున్నారు. ఇప్పుడు ఆ పుస్తకాలన్నీ ఎవరు దిద్దుతారు?"

"నేను దిద్దుతాను. సంచికలో రాస్తాను."

"తేదీలు వేసి రాయండి. జీపు సంగతి కూడా."

ముప్పై రెండేళ్ళలో మొదటిసారి, టీ తాగి వెళ్ళమని అనలేదు. భర్తగారు గేటుదాకా వచ్చి, "ఆవిడ కోపానికి కీ ఎక్కడుందో నాకూ తెలీదండీ, దానంతటది ఆగాలి" అన్నారు.

ఈ వ్యాసం రాసి, ముందుగా ఆవిడకే పంపాను. నాలుగు రోజులకు పెన్సిలు దిద్దుబాట్లతో తిరిగొచ్చింది. అన్నదమ్ముల పొలం దిగుబడి నేను తొంభై నాలుగు అని రాస్తే తొంభై ఒకటి చేశారు. ఆవిడ దయాగుణం గురించి రాసిన ఒక పేరా మొత్తం కొట్టేశారు. 'ఆవిడ మేలు కోరి, మంచి ఉద్దేశంతోనే ఆపాను' అని నేను రాసుకున్న వాక్యం కింద గీత గీసి, పక్కన ఇలా రాశారు: "ఉద్దేశాన్ని ఎవరూ పరీక్షించలేదు. తీసేయండి." తీసేశాను.

కాబట్టి, మేడమ్‌గారి దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు నాలుగు చోట్ల పెద్ద పదవుల్లో ఉన్నవారికి, వీడ్కోలు సభలో ఈ సంచిక పట్టుకుని కూర్చున్నవారికి, వారి పిల్లలకు మనవి. మీ పాత నోటుపుస్తకాలు ఇంకా ఉంటే తీసి దిద్దుకోండి. 1998 అక్టోబరు పన్నెండు నుంచి పద్నాలుగు వరకు ఆ ఉత్తరాలు ఆగింది అమ్మకాల విభాగంలో, నా సొరుగులో. పరీక్ష తప్పిందని మేడమ్‌గారు తెలిసిన రోజే రాశారు. ఆ రెండు పొలాలు ఆవిడ ఖాతాలోంచి తీసి నా ఖాతాలో రాయండి. వచ్చే వారం నేను ఆ అన్నదమ్ముల ఊరికి వెళుతున్నాను. పెద్దవాడు ఉన్నాడో లేడో తెలియదు, చిన్నవాడు ఉన్నాడట. మేడమ్‌గారిని రమ్మని అడగలేదు. ఆవిడ వెళ్ళవలసిన వారాలన్నీ అప్పుడే వెళ్ళారు.

మోయనక్కర్లేని బరువును ఇన్నేళ్ళు మోసిన ఆ భుజాలకు ఇకనైనా విశ్రాంతి దొరకాలి. కళ్ళజోడు తుడుచుకుని ఆకుల కోసం కాక, ఆకుపచ్చ కోసమే చెట్లను చూసే ఉదయాలు ఆవిడకు లెక్కకు మించి రావాలి. అనుకున్న వేళకు ఇంటికి చేరే భార్యను గడియారాలాయన ఇక రోజూ చూసుకోవాలి. కూతురూ, అల్లుడూ, మనవల మధ్య, ఒంట్లో ఓపికా మాటలో ఆ పదునూ తగ్గకుండా, మా మేడమ్‌గారు నిండు ఆరోగ్యంతో చాలా చాలా ఏళ్ళు చల్లగా ఉండాలని ఈ సంస్థలోని ప్రతి ఒక్కరి తరఫునా, మరీ ముఖ్యంగా నా తరఫునా, రెండు చేతులూ జోడించి కోరుకుంటున్నాను.